నయాగరా తర్వాత చూపించినవి



విదేశాల్లో స్థిరపడిన మన సంఘ బిడ్డలతో ఒక్క మాట.

మొన్న వేసవిలో మేమిద్దరం న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. 1886 నుంచి న్యూయార్క్ రేవులో నిలబడి ఉన్న స్వేచ్ఛా విగ్రహం చూపించాడు. ఏడు గంటలు కారు నడిపి నయాగరాకు తీసుకెళ్ళాడు. ఫొటోలు దిగాం, సంతోషించాం. అయినా పాస్టరమ్మగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఒక మంగళవారం ఏమనుకున్నాడో, చదువుకునే రోజుల్లో నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉన్న బేస్‌మెంటు గదిని బయటినుంచి చూపించాడు. మంచులో బస్సు కోసం నిలబడిన స్టాపు చూపించాడు. జ్వరమొచ్చినప్పుడు కిచిడీ వండి తెచ్చిన గుజరాతీ ఆంటీ ఇంటికి తీసుకెళ్ళాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పాస్టరమ్మగారు ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

యోసేపును చూడండి. ఐగుప్తుకు వచ్చిన తండ్రికి అక్కడి వింతలు చూపించినట్టు ఆదికాండములో లేదు. గోషెనుకు ఎదురువెళ్ళి, మెడమీద పడి చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తాను ఎవరి కొలువులో ఉన్నాడో ఆ ఫరో దగ్గరికే తీసుకెళ్ళాడు.

బిడ్డలారా, మేం అంతదూరం వచ్చేది జలపాతం కోసం కాదు. "నీకు ఒంట్లో బాగోకపోతే అక్కడ ఎవరున్నారు?" అని ఫోనులో అడగలేక వస్తాం. ఊళ్ళు చూపించండి, వద్దనం. మీరు పడ్డ కష్టాన్ని, మీకు తోడున్న మనుషులను చూపించడానికి కూడా ఒక్క రోజు ఉంచండి. కష్టం దాచితే మా దిగులు తగ్గదు.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.