ఆ షోర్‌లో మన తబలా

మైల్స్ డేవిస్ 'ఇన్ కన్సర్ట్' వినమని ఇస్తే నా దోస్తులంతా ఒకటే సవాల్ వేస్తారు: 'భాయ్, ఇది మ్యూజిక్కా, షోరా?' షోరే. కాదని కసమ్ తినను. కానీ ఆ షోర్‌కి ఒక మత్‌లబ్ ఉంది.

1972 సెప్టెంబర్ 29. న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్ హాల్. సింఫనీలు వాయించే చోట తొమ్మిది మంది ఎలక్ట్రిక్ బ్యాండ్. మైల్స్ ట్రంపెట్‌కి కరెంటు తగిలించి వా-వా పెడల్ తొక్కుతున్నాడు. ట్రంపెట్ గిటార్‌లా మూలుగుతుంది. మైకేల్ హెండర్సన్ బేస్ ఒకే మాటను తస్బీహ్ తిప్పినట్టు తిప్పుతూనే ఉంటుంది. పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఖతమైందో తెలీదు. ముషాయిరాలో షేర్ షేర్‌కీ దాద్ ఇచ్చే అలవాటున్న మనకు ఇక్కడ 'వాహ్' అనే జాగా దొరకదు. అదే అసలు తక్లీఫ్.

ఆ తొమ్మిది మందిలో ఖలీల్ బాలకృష్ణ ఎలక్ట్రిక్ సితార్, బాదల్ రాయ్ తబలా. బాదల్ రాయ్ ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో పుట్టినవాడు. చదువుకోడానికి న్యూయార్క్ వెళ్లి, హోటల్లో పని చేస్తూ తబలా వాయించినవాడు.

మనవాళ్లకిది ఫఖర్. 'చూశావా, మైల్స్ దగ్గర మన తబలా!' అని. నాకు ఆ ఫఖర్ మీదే కొంచెం షక్. నిజంగా వినండి. తబలాకి సోలో లేదు. అల్ ఫాస్టర్ డ్రమ్స్, ఎంటూమే కాంగాల కింద చాలాసేపు నలిగిపోతుంది. మొదట్లో నాకు గుస్సా వచ్చింది. పిలిచి కూర్చోబెట్టి జబాన్ మూయిస్తారా అని. ఇది బేయిజ్జతీ కాదా?

ఇప్పుడలా అనుకోవడం లేదు. అప్పట్లో సితార్, తబలా అంటే అమెరికా రికార్డుల్లో అగర్‌బత్తీ పొగ. కాస్త ధ్యానం, కాస్త మసాలా. మెహ్మాన్‌లా కూర్చోబెట్టి చూపించడం. మైల్స్ ఆ మెహ్మాన్ నవాజీ చెయ్యలేదు. అందరితోపాటు మజ్దూరీలో పెట్టాడు. బ్యాండులో ఎవరికీ లేని తఖ్త్ తబలాకి మాత్రం ఎందుకు?

అయినా మిక్సింగ్‌లో కాస్త ఇన్సాఫ్ చేసుండాల్సింది. ఆ షికాయత్ మాత్రం నాకింకా ఉంది.

కొత్తవాళ్లు మొదటి డిస్క్‌తో షురూ చెయ్యకండి, పారిపోతారు. రెండో దాన్లోని 'ఇఫే' పెట్టండి. అరగంటకు దగ్గరగా ఉంటుంది, సబర్ కావాలి. రాత్రి, ఇల్లు ఖామోష్ అయ్యాక, హెడ్‌ఫోన్స్‌తో. బ్యాండు గొంతు తగ్గించిన చోట చెవి పెట్టి చూడండి, అడుగున ఆ వేళ్లు ఆడుతూనే ఉంటాయి.