తూటాలు నింపు యంత్రము ఎక్కడ ఉండవలెను?

1959లో వెలువడిన ఆయుధ చట్టము తన రెండవ సెక్షనులో మందుగుండు సామగ్రి అనగా నేమో వివరింపబూని, రాకెట్లు, బాంబులు, చేతిబాంబులు మొదలుకొని తుపాకులలో కూరు మందు వరకు ఒక దీర్ఘమైన పట్టికను వల్లించి, చదువరి సాధారణముగా గమనింపక దాటిపోవు కొసభాగమున ఆ సామగ్రి యొక్క విడిభాగములను, దానిని తయారుచేయు యంత్రములను గూడ అదే కోవలో చేర్చినది. అనగా పిడికెడు మందుగాని, ఒక్క గుండుగాని దగ్గర లేకపోయినను, బల్లకు బిగించిన వట్టి ఇనుప ప్రెస్సు చట్టము దృష్టిలో నిండు తూటాల పెట్టెతో సమానమే. లైసెన్సు లేక అట్టివానిని తయారుచేయుటను, అమ్ముటను అయిదవ సెక్షను నిషేధించుచున్నది. 2019 నాటి సవరణ తరువాత ఆ నిషేధమును మీరినవానికి పడు శిక్ష ఏడేండ్లకు తగ్గదు, యావజ్జీవము వరకు పోవచ్చును. ఒక దేశమున అంగడిలో బేరమాడి తెచ్చుకొను సరకు మరియొక దేశమున మనిషిని చెరసాలకు పంపునదైనప్పుడు, తప్పు ఏ దేశముదని అడుగుటకు ముందు ఆ సరకు ఏమి చేయునో తెలిసికొనుట మంచిది.

అమెరికాలో తన సొంత వాడుకకై తూటాలు నింపుకొనువానికి కేంద్ర ప్రభుత్వపు లైసెన్సుతో పనిలేదు. అమ్మకమునకై తయారుచేయువానికే అది కావలెను. డాలసులో ఉద్యోగము చేయుచు, వేటకు పోవు స్నేహితుల సహవాసమున ఈ వ్యాసంగమునందు ప్రవేశించిన మా మేనల్లుడొకడు శ్రీరామనవమికి భద్రాచలము వచ్చి, పర్ణశాల చూచుకొని తిరిగివచ్చు దారిలో ఫోనులో బొమ్మలు చూపుచు, “మామయ్యా, లీ వాళ్ల టరెట్ ప్రెస్సు తీసుకోమంటారా, ఆర్‌సీబీఎస్ వాళ్ల సింగిల్ స్టేజీ తీసుకోమంటారా?” అని అడిగినాడు. ఎన్.సి.సి. రోజులనుండి తుపాకి యంత్రరచనపై నాకు గల మక్కువ వాడెరుగును. వాడుండు చోట అది న్యాయమైన ప్రశ్నయే గనుక న్యాయముగనే సమాధానము చెప్పితిని.

తూటా పేలినప్పుడు ఖర్చుపడునవి మూడు: అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, లోపలి మందు, కొసనుండు గుండు. అన్నిటికన్న శ్రమతో తయారగు ఇత్తడి గొట్టము మాత్రము మిగిలిపోవును. నూటికి డెబ్బదిపాళ్లు రాగి, ముప్పదిపాళ్లు తుత్తునాగము గల ఆ ఇత్తడి, పేలుడు ఒత్తిడికి ఉబ్బి తుపాకి గదిగోడలకు అంటుకొని, ఒత్తిడి తగ్గినంతనే కొంచెము ముడుచుకొనునేగాని, పూర్వరూపమునకు సంపూర్ణముగ రాదు. దానిని అచ్చులోనికి నొక్కి మొదటి కొలతకు తెచ్చునది, పాత ప్రైమరును వెలికినెట్టునది, చివరకు క్రొత్త గుండును మూతిలో కూర్చుండబెట్టునది ఈ ప్రెస్సే. ఒక్క లాగుడుకు ఒక్క పని మాత్రమే చేయునది సింగిల్ స్టేజీ; అచ్చులను తిరుగుడు తలపై అమర్చి ఒకదాని వెంట నొకదానిని త్రిప్పుకొనునది టరెట్; మీటను లాగినప్పుడెల్ల ఒక నిండు తూటాను జారవిడుచుచు గంటకు వందలకొలది తయారుచేయునది ప్రోగ్రెసివ్. మొదటిదానికి పోత ఇనుముతో చేసిన, అన్నివైపుల మూసిన చట్రమున్నచో అది తాత నుండి మనుమనికి సంక్రమింపదగిన వస్తువు.

ఇచ్చట నొక చరిత్రవిచిత్రము చెప్పకుండ ఉండలేను. ఆంగ్లేయుడైన బాక్సరు, అమెరికావాడైన బెర్డన్ 1860 దశకమున ఇంచుమించు ఒకే కాలమున రెండు విధములైన ప్రైమరులను కల్పించిరి. బాక్సరు పద్ధతిలో గొట్టపు అడుగున నడుమ ఒకే రంధ్రముండును గనుక ప్రెస్సులోని సూది పాత ప్రైమరును సులభముగా పొడిచివేయును. బెర్డన్ పద్ధతిలో రెండు సన్నని రంధ్రములు ప్రక్కలకుండుటచే ఆ సూదికి దారిలేదు. చిత్రమేమనగా ఆంగ్లేయుని ప్రైమరు అమెరికాలోను, అమెరికావానిది ఐరోపాలోను స్థిరపడినవి. ఇంట తూటాలు నింపుకొను అలవాటు అమెరికాలో అంతగా వేరూనుటకు గల కారణములలో ఈ ఒక్క రంధ్రము కూడ చేరును.

ఇక ప్రెస్సునకు తోడుగా కావలసినది, గొట్టపు మెడను కత్తిరించు ట్రిమ్మరు. అచ్చులో నొక్కబడిన ఇత్తడి మరెక్కడికిని పోజాలక మెడవైపు సాగును. అట్లు కొన్ని మారులు వాడిన రైఫిలు గొట్టపు మెడ హద్దుమీరి పెరిగినయెడల, తుపాకి గదిలో దాని మూతి ముందరి అంచునకు ఒరసి గుండును బిగబట్టును. గుండు సకాలమున విడిపోకున్న లోపలి ఒత్తిడి ప్రమాదకరముగా హెచ్చును. కావున ఇంచిలో వెయ్యవవంతు వరకు చూపగల కొలకఱ్ఱతో (కాలిపరుతో) ప్రతి గొట్టమును కొలిచి, ఎక్కువైనదానిని ట్రిమ్మరులో బిగించి పిడి త్రిప్పగా, వెంట్రుకంత సన్నని ఇత్తడి చుట్టలు బల్లపై రాలును. ఆపై మూతిని లోపల, వెలుపల నునుపుచేయవలెను. లేనిచో గుండు దిగునప్పుడు గీసుకొనిపోవును. ఒకే తూటాకు ఒకే పొడవుగా కోయు చిన్న కొలతపుల్ల రకము చౌక. ఏ తూటాకైనను సర్దుకొను చిన్న లేతువంటి రకము కొంచెము ఖరీదు. విద్యుత్తుతో తిరుగునది వేలకొలది గొట్టములున్నవారికి. మెడ లేక నిటారుగా నుండు పిస్తోలు గొట్టములకు ఈ సేవ అరుదుగా కావలసియుండును.

మేనల్లునికి నేను చెప్పినది సింగిల్ స్టేజీ ప్రెస్సు, చేతి ట్రిమ్మరు. వాడు కొంచెము నిరుత్సాహపడెను. మీట లాగినంతనే తూటాలు రాలు యంత్రముపై వాని మనస్సున్నది. కాని ఈ పనిలో మనిషిని కాపాడునది నెమ్మదియే. మందు పోసిన గొట్టములను ఒక పలకలో వరుసగా నిలిపి, దీపము దగ్గరకు తెచ్చి ప్రతిదానిలోనికి తొంగిచూచినవాడు ఒకే గొట్టములో రెండుమారులు పడిన మందును కనిపెట్టును. వేగమునకు మరిగినవానికి ఆ తప్పు తుపాకి పగిలినప్పుడుగాని తెలియదు.

ఈ మాటలు సాగిన దారికి ఇరుప్రక్కల దుమ్ముగూడెము మండలపు మిర్చిచేలు, మొక్కజొన్నచేలు, వాని నడుమ కఱ్ఱలపై నిలిపిన మంచెలు. బంగారులేడి రూపమున మారీచుడు వచ్చి శ్రీరామునిచే విల్లందుకొనజేసినాడని జనులు నమ్ము పర్ణశాల చుట్టు నేడు రైతుకు ఆయుధముపై ధ్యాస పుట్టించునది లేడి కాదు, అడవిపంది. ఒక్క రాత్రిలో మొక్కజొన్నమడి నేలమట్టమైన రైతు, వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినదని విని ఊరట చెందజాలడు.

చట్టము ఇతనిని పూర్తిగా మరువలేదు. ఆయుధ చట్టము పదుమూడవ సెక్షనున నిజమైన పంటరక్షణకు మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఈయవచ్చునని ఉన్నది. అది చాలదని అధికారికి తోచినయెడల మరొక నున్నని గొట్టపు తుపాకికిని ఈయవచ్చును. ఈ ప్రాంతపు వార్తలలో భర్మారు అనబడు ఆ తుపాకిని నింపుట చూచినవారికి ఒక వైరుధ్యము స్ఫురింపకపోదు. కొలతపాత్ర ఉన్న ఉండును, లేకున్న అరచేతి అంచనాయే కొలత. మందు పోసి, పీచో గుడ్డపేలికయో కుక్కి, రవ్వలు వేసి, మరల కుక్కి, కమ్మీతో దట్టించి, చివర టోపీ పెట్టును. ఇంతకన్న మోటైన తూటా నింపుడు లోకమున లేదు. అరచేతి అంచనాను అనుమతించు చట్టమే వెయ్యవవంతు కొలతను నిషేధించుచున్నది. తర్కమునకు ఇది నిలువదని ఎవరైన వాదించిన కాదనను. కాని చట్టము తర్కమును మాత్రమే చూచునది కాదు: మూతినుండి నింపు తుపాకి ఒకమారు పేలినపిమ్మట మరల సిద్ధమగుటకు పట్టు కాలమే దాని లైసెన్సునకు పూచీ.

పందిని చంపుటకైనను తుపాకి లైసెన్సొక్కటియే చాలదు. పంటకు కీడు చేయు జంతువును చంపింపవలెనన్న వన్యప్రాణి చట్టము పదునొకండవ సెక్షను క్రింద అనుమతి రావలెను. తెలంగాణ ప్రభుత్వము అట్టి అనుమతినిచ్చు అధికారమును షరతులతో సర్పంచులకు కూడ అప్పగించినది. ఐనను ఊళ్లలో వాడుకలోనున్న సాధనము తుపాకి కాదు, ఉచ్చు. దానికన్న ఘోరమైనది, చేనుగట్టున దొంగతనముగా లాగిన కరెంటుతీగ. అది పందిని, ఎద్దును, తెల్లవారుజామున నీరు పెట్టబోవు పక్కచేని రైతును ఒకేరీతిగా చంపును. ఈ రైతుకు కావలసినది చౌకతూటా కాదు, వేళకు అందు పంటనష్టపరిహారము, వేళకు వచ్చు అనుమతిగల గురికాడు. తూటాల కొరతచేత ఇక్కడి మొక్కజొన్న నశించుచున్నదని ఎవడైన చెప్పినచో వాడు ఇక్కడి రాత్రులెరుగడు. భూమిపండుగ దినములలో కోయ పురుషులు విల్లంబులతో అడవికి పోగా స్త్రీలు దారికడ్డము నిలిచి వచ్చిపోవు బండ్లవారియొద్ద డబ్బులు వసూలుచేయు నేల ఇది. వేట ఇచ్చట నేరముల పట్టికకు ఎక్కకముందే ఋతుధర్మము.

ఇంట తూటాలు నింపుకొనుటకు ఇచ్చట అనుమతి వలదనుటకు నాకు గల ముఖ్యకారణము మరియొకటి. 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల వశమై, 1874లో గోదావరి జిల్లాలో చేరి, ఆయుధ చట్టము పుట్టిన 1959లోనే ఖమ్మము జిల్లాలో కలిసిన ఈ భద్రాచల ప్రాంతము, దానికి తూర్పున నున్న మన్యము, తూటా విలువను పుస్తకములలో చదివి తెలిసికొన్నవి కావు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తీసికొనిపోయినవి 26 తుపాకులు, రెండువేల అయిదువందలకు పైగా తూటాలు. తుపాకిని గుహలో దాచవచ్చును, కమ్మరిచేత బాగుచేయింపవచ్చును. తూటాను మాత్రము మన్యములో ఎవడును పండింపజాలడు. అందుకే తిరుగుబాటు ఠాణా గుమ్మమున మొదలైనది. తరువాతి కాలమున అర్ధశతాబ్దికి పైగా ఈ అడవులలో దళములకు, పోలీసులకు జరిగిన సంఘర్షణలో కూడ అదే సూత్రము నడచినది. ఇట్టి చోట ఖాళీ ఇత్తడి గొట్టమునకు వెల కట్టినంతనే, కాల్పులు జరిగిన చోటుల నుండి, శిక్షణ మైదానముల నుండి గొట్టములు ఏరు పిల్లలు బయలుదేరుదురు. వారి చేతులనుండి అవి ఎవరి చేతులకు పోవునో ఊహించుట కష్టము కాదు. తాటాకు ఇండ్లలో, మిర్చిబస్తాల ప్రక్కన, పొయ్యికి పదడుగుల దూరమున మందుడబ్బా ఉండుట ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

అంతమాత్రమున ఈ విద్యకు దేశమున ఎక్కడను చోటుండరాదనుట నాకు సమ్మతము కాదు. మన తుపాకి క్రీడాకారులలో అధికసంఖ్యాకులకు దీనితో నిమిత్తము లేదన్నది నిజమే. 2012 లండను ఒలింపిక్సులో హైదరాబాదు వాసి గగన్ నారంగ్ కంచుపతకము గెలిచినది గాలితుపాకితో. హాంగ్ఝౌ ఆసియా క్రీడలలో ఈషా సింగ్ పతకములు తెచ్చినది గాలిపిస్తోలుతోను, పాయింట్ 22 పిస్తోలుతోను. గాలితుపాకికి మందే లేదు. పాయింట్ 22 గొట్టమున నిప్పుమందు అంచులోపలనే పూయబడి సుత్తిదెబ్బకు అంచు చితికిపోవును గనుక దానిని మరల నింపుట వ్యర్థప్రయాస. మిగిలినవారు కొద్దిమంది: పాయింట్ 32 పిస్తోలుతో సెంటర్‌ఫైర్ పోటీలకు దిగువారు, మూడువందల మీటర్ల రైఫిలువారు, ఎగురు మట్టిబిళ్లలను కొట్టువారు. వీరిలో కడపటివారికి ఒక్కొక్క తూటాలో 24 గ్రాములకు మించి రవ్వలుండరాదని నియమము. ఏటికి వేలకొలది కాల్చినగాని చేయి తిరుగదు. విదేశీతూటాల ధరలకు తట్టుకొనలేక, మధ్యతరగతి ఇంటి పిల్లవాడు ఈ క్రీడలవైపు కన్నెత్తి చూచుటకే వెరచుచున్నాడు. స్వదేశమున ఖడ్కీ కర్మాగారము 1869 నుండి తూటాలు చేయుచున్నది. 2021లో అది మ్యునిషన్స్ ఇండియా అను క్రొత్త సంస్థ క్రిందికి వచ్చినది. కాని సైన్యమునకై కోట్లకొలది తూటాలు చేయు కర్మాగారము ఒక క్రీడాకారుని తుపాకికి ఒదుగు తూటాను వెదకి పెట్టునని ఆశింపరాదు. ఒక్కొక్క తుపాకి ఒక్కొక్క కొలత మందుకు బాగుగ పలుకును. ఆ కొలతను కనిపెట్టుటయే చేతితో నింపువాని విద్య.

కావున ఇల్లు కాక, లైసెన్సుగల రేంజి ఆవరణలో ఒక గదికి, క్రీడాసంఘము పేర, అయిదవ సెక్షను క్రిందనే తయారీ లైసెన్సు ఈయవలెనని నా అభిప్రాయము. 1951లో స్థాపితమైన జాతీయ రైఫిల్ సంఘము తన రాష్ట్రశాఖల ద్వారా ఈ కోరికను కేంద్ర గృహమంత్రిత్వశాఖ ముందుంచినచో, సభ్యుల ఇండ్లకు యంత్రములడుగుటకన్న మర్యాదగా నుండును. ఆ గదిలోనికి ఎన్ని ఖాళీ గొట్టములు పోయినవో, ఎన్ని నిండు తూటాలు వచ్చినవో, ఎన్ని విరిగి చెత్తబుట్టకు చేరినవో పుస్తకమున ఎక్కవలెను. నింపిన తూటా ఆ రేంజిలోనే పేలవలెనుగాని గేటు దాటరాదు. మందు ఒక గదిలో, ప్రైమరులు మరొక గదిలో ఉండవలెను. బల్లపై ఒకేసారి ఒకే రకపు మందుడబ్బా ఉండవలెను. ఈ నియమమును చెప్పుట సులభము, సాయంకాలము అలసిన చేతులతో పాటించుట కష్టము గనుక ఒంటరిగా ఎవ్వరిని పనిచేయనీయరాదు.

అట్టి గదికి కొనవలసిన యంత్రమేదని అడుగుదురేని, మేనల్లునికి చెప్పినదే చెప్పుదును: పోత ఇనుప సింగిల్ స్టేజీలు రెండు, అమెరికా అంగళ్లలో ఎంత ఊరించినను ప్రోగ్రెసివ్ ఒక్కటియు వలదు. సంఘమునకు వేగము అవసరమని సభ్యులు వాదింతురు; వేగముగా తయారగు తూటాలను లెక్కించు గుమాస్తా అంత వేగముగా వ్రాయజాలడని వారికి చెప్పవలెను. మట్టిబిళ్లలవారి గొట్టములు ప్లాస్టికువి గనుక వారికి వేరు ప్రెస్సు తప్పదు, ట్రిమ్మరుతో వారికి పనిలేదు. రైఫిలువారికి మాత్రము లేతు రకపు చేతి ట్రిమ్మరు ఒకటి, దానితోపాటు మంచి కొలకఱ్ఱ రెండు కొనవలెను. ఒకటి క్రిందపడినచో దాని మాట నమ్మరాదు, రెండవదానితో సరిచూడవలెను.