సుత్తి కోసం వెతికితే...

ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో హాక్సన్ అని ఒక పల్లె ఉంది. 1992 నవంబరులో అక్కడి కౌలురైతు ఒకాయన పొలంలో సుత్తి పారేసుకున్నాడు. తోటమాలిగా పనిచేసి రిటైరైన స్నేహితుడి దగ్గర మెటల్ డిటెక్టరు ఉంటే, కాస్త వెతికిపెట్టమని అడిగాడు. ఆ స్నేహితుడు వెళ్లి వెతుకుతుండగా సుత్తి కంటే ముందు మరోచోట యంత్రం కూత పెట్టింది. తవ్వి చూస్తే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు. కొన్ని పైకి తీసేసరికి లోపల ఇంకా చాలా ఉన్నాయని ఆయనకు అర్థమైంది. అక్కడితో తవ్వడం ఆపేశాడు. రైతుకు చెప్పాడు, పోలీసులకు కబురు పంపాడు. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి, మట్టిని పొరలు పొరలుగా తీసి, ఏ వస్తువు ఎక్కడ ఏ తీరున ఉందో రాసుకుంటూ మొత్తాన్ని వెలికితీశారు.

దాదాపు 15 వేల నాణేలు, వెండి సామాను, 29 బంగారు నగలు. రోమన్ల కాలం నాటి బ్రిటన్‌లో దొరికిన నిధుల్లో అంత పెద్దవి అరుదు. ఆ సుత్తి కూడా తర్వాత దొరికింది. అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

ఈ కథలో అందరూ నిధి గురించే చెప్పుకుంటారు. చెప్పుకోవలసింది ఆయన తవ్వడం ఆపిన ఆ క్షణం గురించి. ఎదురుగా బంగారం కనిపిస్తోంది, చేతిలో పార ఉంది, చుట్టుపక్కల చూసేవాళ్లు లేరు. అయినా ఆగాడు. అలా ఆగడం వల్లనే ఆ సామానంతా ఒక ఓక్ చెక్కపెట్టెలో సర్దిపెట్టారని తెలిసింది. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయినా, దాని మడతబందులు, చిన్న చిన్న తాళాలు, లోపల పరిచిన గడ్డి ఆనవాళ్లు మిగిలాయి. ఎవరో కంగారు పడకుండా, ఒద్దికగా, మళ్లీ వచ్చి తీసుకుందామనే ఆశతో దాచిన సొమ్ము అది. నాణేల్లో చివరివి క్రీ.శ. 407-408 నాటివి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే బ్రిటన్ మీద రోమ్ పట్టు జారిపోయింది. దాచినవాళ్లు తిరిగి రాలేదు.

నగల్లో ఒక బంగారు గాజు మీద, జూలియానా అనే ఇల్లాలు దీన్ని సుఖంగా ధరించాలని అక్షరాల్లోనే అల్లి ఉంది. ఎవరు చేయించి ఇచ్చారో, ఏ సందర్భానికో మనకు తెలియదు. 1600 ఏళ్ల తర్వాత కూడా ఆ దీవెన చదువుకోవచ్చు. ఇంకో నగ భుజాల మీదుగా, చంకల కిందుగా వచ్చి రొమ్ము మీదా వీపు మీదా కలిసే గొలుసు. మన పాత శిల్పాల్లో యక్షిణుల ఒంటి మీద కనిపించే ఛన్నవీరం లాంటిదే. సన్నటి ఒంటికి సరిపోయే కొలత. మూడు ఉంగరాలున్నాయి గానీ వాటిలో రాళ్లు లేవు, ఎవరో ముందే ఊడదీశారు. చెవులకు పెట్టుకునేవి ఒక్కటీ లేవు. రాళ్లు అమ్ముకున్నారా? కమ్మలు వాటి సొంతదారు ఒంటి మీదే ఉండిపోయాయా? ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చిన ఏ ఆడమనిషి గురించి ఆలోచించినా ఈ ప్రశ్నలే వస్తాయి. వెండి సామానులో నాలుగు మిరియాల బుడ్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి ఒక రాచకాంత ఆకారంలో ఉంటుంది. అందులో పోసుకున్న మిరియం మన దేశపు పడమటి తీరం నుంచి ఓడలెక్కి పోయిందే.

ఇంగ్లండులో సెలవు దినాన పొలాల్లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని తిరిగేవారు వేలల్లో ఉన్నారు. యంత్రం పనితీరు తేలికైనదే. నేలకు దగ్గరగా తిప్పే గుండ్రటి తీగచుట్టలో విద్యుత్తు పారి, మారుతుండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కింద లోహం ఉంటే అందులో సుడిప్రవాహాలు రేగుతాయి. వాటి జాడ పట్టుకుని యంత్రం చెవిలో కూస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కొసాట్స్కి రూపొందించిన ఇటువంటి పరికరం ఎల్ అలమీన్ ఎడారిలో మందుపాతరలు కనిపెట్టి ఎందరో సైనికుల ప్రాణాలు నిలిపింది. ప్రాణాలు కాచిన ఆ విద్యే ఇప్పుడు ముత్తవ్వల ఉంగరాలను వెతికిపెడుతోంది.

వెతకడమంటే ఎక్కువగా ఓపిక. బంగారు ఉంగరం చేసే చప్పుడూ, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు చేసే చప్పుడూ దాదాపు ఒకటే. అందుకే అనుభవజ్ఞులు ఆ కూత విన్న ప్రతిసారీ వంగి తవ్వుతారు. వచ్చేవి ఎక్కువగా మేకులు, బొత్తాలు, తూటా తొడుగులు, సీసపు ముక్కలు. ఎప్పుడో ఒకసారి 16, 17 శతాబ్దాల ప్రేమ ఉంగరం వస్తుంది. పైకి సాదా ఉంగరమే, లోపలి వైపు వేలికి తగిలేచోట చిన్న అక్షరాలతో ఒక మాట చెక్కి ఉంటుంది. ఆ మాట లోకానికి కనిపించాలని కాదు, తొడుక్కున్న మనిషికి తెలిస్తే చాలునని. వెండి మట్టిలో నల్లబడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. బంగారం మాత్రం జారిపడిన రోజు ఎలా ఉందో అలాగే పైకి వస్తుంది. దాన్ని వేలితో తుడిచిన మనిషికీ, పోగొట్టుకుని ఏడ్చిన మనిషికీ మధ్య నాలుగు వందల ఏళ్లున్నాయంటే నమ్మబుద్ధి కాదు. అంతకన్నా చాలా పాతవీ దొరుకుతాయి. 2016 డిసెంబరులో స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్‌ఫ్రిత్ దగ్గర ఇద్దరు మిత్రులకు మూడు బంగారు కంటెలు, ఒక కడియం దొరికాయి. అవి క్రీస్తుకు పూర్వపు నగలు, బ్రిటన్‌లో ఇనుపయుగం నాటి బంగారంలో అతి పాతవాటిలో చేరతాయి.

దొరికినదాన్ని ఇలా చెప్పడం వెతికేవాళ్ల మంచితనం మీదే నడవడం లేదు. హాక్సన్ నిధికి ఆనాడు 17 లక్షల 50 వేల పౌండ్లు విలువ కట్టి, ఆ మొత్తాన్ని దొరికిన మనిషికి ఇచ్చారు. రైతుకు వాటా ఇవ్వాలని చట్టం చెప్పకపోయినా ఆయన పంచి ఇచ్చాడు. 1996లో వచ్చిన ట్రెజర్ చట్టం భూమి సొంతదారుకూ వాటా దక్కే దారి వేసింది. 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి వస్తువు దొరికితే 14 రోజుల్లోగా చెప్పాలి. స్వతంత్ర సంఘం ఒకటి బజారు ధర కడుతుంది. మ్యూజియం కొనుక్కుంటే ఆ ధర చెల్లిస్తుంది. చట్టం పరిధిలోకి రాని చిన్న వస్తువుల కోసం 1997లో మరో పథకం పెట్టారు. జిల్లాల్లో అధికారులు ఉంటారు. బొత్తామైనా సరే పట్టుకెళ్లి చూపిస్తే రాసుకుంటారు, ఫోటో తీస్తారు, వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. అలా 15 లక్షలకు పైగా వస్తువుల వివరాలు పోగయ్యాయి. చెప్పినవాడికి నష్టం లేదని తెలిసినచోట మనుషులు చెబుతారు.

చెప్పనివాళ్లూ అక్కడ ఉన్నారు. 2015లో హెరిఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి వైకింగుల కాలపు నిధి దొరికింది. స్ఫటికపు పతకం, ఉంగరం, కడియం, వందల కొద్దీ వెండి నాణేలు. దాచేసి అమ్ముకోబోయారు. 2019లో జైలు శిక్షలు పడ్డాయి. నగలు దొరికాయి గానీ నాణేల్లో ఎక్కువ భాగం జాడ లేకుండా పోయాయి. మిగిలిన కొద్ది నాణేల్లో కొన్నిటి మీద వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్ పక్కపక్కన కూర్చుని కనిపిస్తారు. పాత రాతలు చెయోల్‌వుల్ఫ్‌ను వైకింగుల చేతి కీలుబొమ్మగా చెప్పాయి. ఆ ఇద్దరూ జతకట్టి నడిచారని ఈ నాణేలు సాక్ష్యం చెబుతున్నాయి. పోయినవి ఇంకేం చెప్పేవో!

మన నేలకు వద్దాం. లంకెబిందెల కథ వినని తెలుగు పిల్లలుండరు. ఆ కథల చాటున గుప్తనిధుల పేరుతో ముఠాలు పాత గుళ్లలో నందులను పగలగొడుతున్నాయి, గర్భాలయాల్లో గోతులు తీస్తున్నాయి. డిటెక్టర్లూ ఆ చేతుల్లోకి చేరాయి. ఇది సరదా కాదు, వారసత్వానికి చేస్తున్న ద్రోహం. కానీ ముఠాలతో సంబంధం లేకుండా దుక్కిలోనో, పునాదిలోనో యాదృచ్ఛికంగా నగ దొరికే మనిషి సంగతి వేరు. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచరు కోసం నేల చదును చేస్తుంటే రాగి బిందె, అందులో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. ఊరు ఊరంతా చేరింది కాబట్టి ఆ సంగతి లోకానికి తెలిసింది. ఎవరూ చూడని పొలంలో దొరికినవి ఎన్ని కుంపటిలో కరిగాయో లెక్కగట్టేవారు లేరు.

కరిగితే బరువు మిగులుతుంది, మిగతాదంతా పోతుంది. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపం తవ్వినప్పుడు రాతి పేటికల్లో స్ఫటికపు భరిణె, పూసలు, చిట్టి బంగారు పూలు దొరికాయి. ఆ పూల బంగారం తూకం వేస్తే ఎంతో ఉండదు. అవి ఏ పేటికలో ఉన్నాయో, దాని మీద ఏం రాసి ఉందో నమోదు చేశారు కాబట్టి తెలుగునేల మీది అత్యంత ప్రాచీన లిపి ఒకటి మనకు తెలిసింది. ఆ పూలు ఏ అంగడిలోనో విడిగా దొరికి ఉంటే మనకు ఏమీ చెప్పేవి కావు.

మన దగ్గరా చట్టం ఉంది, 1878 నాటిది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. హక్కుదారులు లేరని తేలితే, వేరే ఒప్పందం లేనిచోట దొరికినవారికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. దాచిపెడితే జైలు. ఈ వాటాల సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసు? జైలు మాట మాత్రం అందరికీ తెలుసు. పోలీసులు ఇల్లు సోదా చేస్తారన్న భయం, చెబితే చేతికి ఏమీ రాదన్న అనుమానం కలిసి నగను రాత్రికి రాత్రి ఊరు దాటిస్తాయి. పైగా వెయ్యేళ్ల నాటి కంటెకు లోహం ధర మీద అయిదో వంతు చేర్చి ఇవ్వడం ఏ లెక్కన న్యాయం? చెప్పినవారిని అనుమానితులుగా కాక సహాయకులుగా చూసే చట్టం కావాలి. బజారు ధర కట్టే నిపుణుల సంఘం కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలు తమ ప్రభుత్వాలను ఈ మార్పు కోరాలి. ఈలోగా ఉన్న వాటానైనా జాప్యం లేకుండా ఇప్పించి, మ్యూజియం అద్దాల పెట్టె మీద దొరికినవారి పేరు రాయించాలి.

పాఠకులకు ఒక విన్నపం. మీ పొలంలోనో పునాదిలోనో ఏదైనా పాత నగ బయటపడితే కడగకండి, తోమకండి, గీటురాయి మీద గీయించకండి. తవ్వడం అక్కడితో ఆపండి. దొరికిన చోట గుర్తు పెట్టి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి, తహసీల్దారు ద్వారా కలెక్టరుకు కాగితం మీద రాసి ఇవ్వండి, దాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.