పత్తితీత మొదలయ్యాక ఆగిపోతున్న నిఘా

తెలుగు రాష్ట్రాల పత్తి పొలాల్లో లింగాకర్షక బుట్టలపై శ్రద్ధ పూత దశలో ఉన్నంతగా తీత దశలో కనిపించదు. మొదటి తీత పూర్తయ్యేసరికి ఎర మార్చే వారు లేక అవే బుట్టలు దుమ్ముపట్టి కర్రలకు వేలాడుతుంటాయి. పంట దాదాపు చేతికి వచ్చింది కదా అన్న ధోరణి రైతులకే పరిమితం కాలేదు. విద్యార్థుల పరిశోధనల్లోనూ పురుగుల గణన చాలావరకు అక్కడితోనే ముగుస్తుంది. గులాబీరంగు కాయతొలుచు పురుగు విషయంలో ఈ ధోరణి ఎంతమాత్రం సరికాదు.

గుడ్డు నుండి వెలువడిన లార్వా త్వరలోనే కాయలోకి చొచ్చుకుపోతుంది, ప్రవేశ రంధ్రం పూడుకుపోతుంది. పైకి నిగనిగలాడే కాయను కోసి చూస్తే తప్ప నష్టం తెలియదు. 2006లో అనుమతి పొందిన రెండు జన్యువుల బీటీ పత్తిని సైతం ఈ పురుగు తట్టుకొంటున్నందున విత్తనం మీద భారం వేసి ఊరకుండే వీలు లేదు.

వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడటం, లేదా 10 శాతం పచ్చి కాయల్లో నష్టం కనిపించడం ఆర్థిక నష్టపరిమితి స్థాయి. ఈ అంకెలు పిచికారీ నిర్ణయానికి ఉద్దేశించినవి. తీత సమయంలో రైతు ముందున్న ప్రశ్న వేరు: మరో తీత కోసం ఆగాలా, పైరును తీసివేయాలా? దీనికి బుట్ట ఒక్కటే సమాధానం చెప్పలేదు. అందులో పడేవి మగ పురుగులే. పైగా సమీపంలో జిన్నింగ్ మిల్లు ఉంటే అవి ఎక్కడివో తేల్చడం కష్టం. ఎకరంలో అక్కడక్కడా 20 పచ్చి కాయలు కోసి చూడటమే నమ్మదగిన పద్ధతి. రెండింటిలో పురుగు కనిపిస్తే పరిమితి చేరినట్లే.

డిసెంబరు చివరికల్లా పైరు తీసివేయాలన్న సలహాను రైతు పెడచెవిన పెడుతున్నాడని విస్తరణ సిబ్బంది వాపోవడం పరిపాటి. చెట్టు మీది కాయ అతనికి డబ్బు. తేదీ చెప్పినంత మాత్రాన దాన్ని వదులుకోడు. ఆ 20 కాయలను అతని కళ్లెదుటే కోస్తే, ఏరుడు కూలికీ చేతికొచ్చే గుడ్డిపత్తికీ పొంతన లేదని తానే లెక్కగట్టుకోగలడు.

చివరి కాయల్లోని లార్వాలు జంట గింజల మధ్య సుప్తావస్థలోకి వెళ్తాయి. వంటచెరకుగా గట్టున పేర్చిన పత్తికట్టెతో, మిల్లుకు చేరిన పత్తితో పాటు అవి వచ్చే పైరు దాకా నిలుస్తాయి. అమెరికా ఖండభాగంలో ఈ పురుగును నిర్మూలించినట్లు 2018లో ప్రకటించారు. బీటీ పత్తి, వంధ్య పురుగుల విడుదలతో పాటు పంట అవశేషాల నాశనం, ఎడతెగని నిఘా అందుకు తోడ్పడ్డాయి. ఇక్కడ కనీసం నిఘా పట్టికలో పైరు తీసివేసిన తేదీకి, కట్టె ఏమైందన్న వివరానికి రెండు గడులు చేర్చాలి. మిల్లు ఆవరణలోని బుట్టల లెక్క వేసవి వరకు సాగాలి.