మూట మోసినోడు లోపల, డబ్బు పెట్టినోడు బయట



బుట్టాయగూడెం నుంచి, పాడేరు నుంచి వచ్చి అత్తిలిలో గదులు తీసుకుని చదువుకుంటున్నవాళ్లం మేము. మొన్న సెలవులకి పోయి తిరిగొస్తుంటే ఒక బస్టాండులో మాలో ఒకణ్ణి ఆపారు. "ఏ ఊరురా?" అన్నారు. పాడేరు అన్నాడు. అంతే, బ్యాగు మొత్తం నేలమీద కుమ్మరించారు. దొరికింది రెండు పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన పసుపు. అదే బస్సు దిగిన మిగతావాళ్లని ఎవరూ అడగలేదు.

గంజాయిని మేం వెనకేసుకు రావట్లేదు. అది మన ఊళ్లనీ తింటోంది. వీధిలో పొట్లాలు అమ్మేవాణ్ణి పట్టుకోవాల్సిందే. మా గొడవ పట్టుకునే పద్ధతి మీద.

2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. 2024లో ఈగల్ విభాగం పెట్టారు, 1972 నంబరు ఇచ్చారు. మంచిదే. మరి పెట్టుబడి పెట్టినవాడెక్కడ? ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష కనీసం 10 ఏళ్లు, బెయిల్ గగనం. 20 కిలోలంటే ఒక్క మూట. అది ఉండేది మనోడి భుజం మీద. డబ్బు పెట్టినోడి చేతికి ఆకు కూడా అంటదు.

అమెరికాలో హై పాయింట్ అనే ఊరి పోలీసులు 2004లో వేరే దారి పట్టారు. వీధిలో అమ్మేవాళ్ల మీద ముందు సాక్ష్యం పోగేశారు. హింసకి దిగేవాళ్లని అరెస్టు చేశారు. మిగతా కుర్రాళ్లని ఇంట్లోవాళ్లతో సహా పిలిచి కేసు ముందు పెట్టారు. మానేస్తే సాయం, మళ్లీ అమ్మితే జైలు అన్నారు. ఆ పేటలో బాహాటంగా అమ్మడం ఆగింది. ఇక్కడ మాత్రం ఊరి పేరే సాక్ష్యం!

మేం అడిగేది ఇంతే: డబ్బు నడిచిన దారి పట్టండి. అలవాటు పడ్డవాడు చికిత్సకి వస్తానంటే 64ఏ సెక్షన్ దారి ఇస్తోంది, అది చూపించండి.

మనకీ ఒక మాట. మూట దించొస్తే ఫీజు కడతాననేవాడు మనోడు కాదు. ఒంటిమీద సోదా చేస్తామంటే గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇచ్చింది. కేసు పడితే ఎస్టీలకి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లాయరు ఉచితం. ఈ రెండూ ఇంటికాడ అందరికీ చెప్పండి.

జై ఆదివాసీ!