తప్పిపోయినవాడు, ఉండిపోయినవాడు

వందేళ్లు దాటినా కల్నల్ పెర్సీ ఫాసెట్ మీద లోకానికి మోజు తీరలేదు. బొలీవియా, బ్రెజిల్ సరిహద్దు కొలవడానికి 1906లో దక్షిణ అమెరికా వెళ్లిన ఈ బ్రిటిష్ సైనికాధికారి ఆ తర్వాత అమెజాన్ అడవులను వదల్లేకపోయాడు. అక్కడెక్కడో ఒక మహానగరం మరుగున పడి ఉందని నమ్మి, దానికి ‘జెడ్’ అని పేరు పెట్టుకున్నాడు. 1925లో కొడుకు జాక్‌నూ, జాక్ స్నేహితుడు రాలీ రిమెల్‌నూ వెంటబెట్టుకుని బయల్దేరాడు. మే 29న రాసిన ఉత్తరమే ఆఖరు. ముగ్గురూ ఏమయ్యారో ఇప్పటికీ తేలలేదు. 2009లో డేవిడ్ గ్రాన్ పుస్తకం, 2016లో సినిమా వచ్చి కొత్త తరానికీ ఆ పిచ్చి అంటించాయి. మన నారాయణఖేడ్ కుర్రాడు కూడా ఇవాళ కంది చేను గట్టున కూర్చుని ఫోన్‌లో ఆ కథ చూడగలడు.

ఎందుకింత ఆకర్షణ? తిరిగొచ్చిన అన్వేషకుడు లెక్కలు అప్పజెబుతాడు, ఉపన్యాసాలిస్తాడు, ముసలివాడవుతాడు. తిరిగి రానివాడు మన ఊహలో నడుస్తూనే ఉంటాడు. అయితే ఆ అడవిలో ఉండే కలపాలో తెగవారు చెప్పేది చాలా చిన్న కథ. అటు వెళ్లొద్దన్నా ఆ తెల్లవాళ్లు వినలేదు, కొన్నాళ్లు వాళ్ల మంట పొగ కనిపించింది, ఆ తర్వాత కనిపించలేదు. అంతే. ఆ షింగు నదీ ప్రాంతంలోనే కందకాలు, వెడల్పాటి బాటలు ఉన్న పాత జనావాసాల ఆనవాళ్లు తర్వాత బయటపడ్డాయి. వాటిని కట్టింది ఇప్పుడు అక్కడున్న జనం పూర్వీకులే. ఫాసెట్ వెతికిన మనుషుల వారసులే ఫాసెట్‌ను అటు వెళ్లొద్దని హెచ్చరించారన్నమాట.

మన అడవులకూ ఒక తెల్లదొర వచ్చాడు. 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో, హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లరాదని ఆంక్ష పడింది. ఆ ఆంక్షే ఆయనకు వరమైంది. భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య తిరిగాడు. నిజాం సర్కారు మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆయన్నే పురమాయించింది. మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని ఉండిపోయాడు. అడవి హద్దుల పేరుతో, బయటి షావుకార్ల చేతుల్లో గోండులు భూములెలా పోగొట్టుకున్నారో రాసి సర్కారు ముందు పెట్టాడు. గోండు పిల్లలకు బడులు, పంతుళ్లకు శిక్షణ, సాగుదార్లకు పట్టాలు వచ్చాయంటే ఆ రాతల పాత్ర పెద్దది. 1987లో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన సమాధీ ఆమె పక్కనే ఉంది. ఏటా జనవరి 11న ఊరివాళ్లు ఆ దంపతులను తలుచుకుంటారు.

ఆయన మీద హాలీవుడ్ సినిమా లేదు. మాయమైన నగరాలేవీ వెతకలేదు కదా! ఎదుటివారు చెప్పేది ఓపిగ్గా విన్నాడు, అంతే. అయినా ఆయన పేరు ఒక గూడెంలో బతికి ఉంది.

ఫాసెట్ మీద మోజు తప్పేమీ కాదు. తెలియని చోటు మీద కుతూహలం లేని బాల్యం చప్పగా ఉంటుంది. కాకపోతే ఆ కుతూహలానికి అమెజాన్ దాకా ప్రయాణం అక్కర్లేదు. నారాయణఖేడ్ చుట్టూ ఎన్నో లంబాడా తండాలున్నాయి. వాళ్ల పూర్వీకులు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగిన బిడారు వర్తకులు. సర్వే పటాలు గీయకముందే వాగులు, కనుమలు, నీటి చెలమలు ఎరిగినవాళ్లు. రైళ్లొచ్చి ఆ వర్తకం దెబ్బతిన్నాక నేల చూసుకుని నిలిచారు. ఆ దారుల ముచ్చట్లు కొన్నయినా ముసలమ్మల పాటల్లో మిగిలే ఉంటాయి. ఈ సెలవుల్లో మన బడి పిల్లల్ని ఒక నోటుబుక్కుతో తండాకు పంపితే, వాళ్లు చేసేదీ అన్వేషణే.