గడియారం తప్పితే గొంతు మారుతుంది



మన సంఘం పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నది. మంచి పనే. కానీ ఎక్కించిన పెళ్ళిపాటలు విన్నారా? మన అవ్వల గొంతు చిన్నపిల్లల గొంతులా వస్తున్నది. "క్యాసెట్ పాతది, అంతే" అని కొందరు సరిపెట్టుకున్నారు. మేము ఒప్పుకోము. తప్పు క్యాసెట్‌ది కాదు, గడియారానిది.

శబ్దాన్ని అంకెలుగా మార్చే కోడెక్ చిప్‌కు ఒక క్లాక్ కావాలి. మన చిప్ ఆ క్లాక్‌ను 256తో భాగించి సెకనుకు ఎన్ని నమూనాలు తీయాలో తేల్చుకుంటుంది. 12.288 మెగాహెర్ట్జ్ ఇస్తే 48,000. 11.2896 ఇస్తే 44,100. బోర్డు మీద ఏ క్రిస్టల్ ఉందో లినక్స్ కెర్నెల్‌లోని డ్రైవర్‌కు కళ్ళు లేవు, మనమే రాసి చెప్పాలి. మన బోర్డు మీద ఉన్నది 11.2896. సెట్టింగు ఫైలులో రాసినది 12.288. డ్రైవర్ నమ్మింది. చిప్ 44,100 తీసింది, ఫైలు మీద 48,000 అని ముద్ర పడింది. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. అదే ప్రమాదం.

రైల్వేలో గుమాస్తా పని చేసిన మాకు ఇది కొత్త కాదు. 1906లో దేశమంతటికీ ఒకే టైము రాకముందు రైళ్ళు మద్రాసు టైముతో నడిచేవి, చాలా ఊళ్ళు సొంత టైముతో నడిచేవి. ఏ టైమో చెప్పకుండా గంట మాత్రం చెబితే బండి తప్పిపోదా?

"ఎడిటింగ్‌లో కాస్త నెమ్మది చేస్తే పోదా" అంటున్నారు. ఎంత నెమ్మది? చెవికి తోచినంతా? తమిళ మీడియంలో చదివిన మాకు ఇంటి తెలుగు వచ్చింది చెవితోనే. ఆ యాసకు బడి లేదు, పుస్తకం లేదు, ఈ క్యాసెట్లే ఉన్నాయి. వాటిని అందాజాగా సాగదీస్తే మనవళ్ళకు ఏ గొంతు మిగులుతుంది?

గోడ గడియారం చూసి మేము సరిగ్గా 10 నిమిషాలు రికార్డు చేశాం. ఫైలు చూపినది 9 నిమిషాల 11 సెకన్లు. మీరూ చేసి చూడండి.

కార్యవర్గం చేయవలసినది మూడే. సెట్టింగులో 11.2896 అని రాయించాలి. ఇకపై 44,100 తోనే రికార్డు చేయాలి. ఇప్పటికే ఎక్కించిన అసలు ఫైళ్ళలో 48,000 ముద్రను 44,100గా మార్చాలి. నమూనాలు సరైనవే, పేరే తప్పు. క్యాసెట్లను మళ్ళీ తిప్పి అరగదీయనక్కరలేదు, కొత్త మిషనూ కొననక్కరలేదు.

అంతవరకు ఇంకొక్క క్యాసెట్ కూడా ఎక్కించకండి.